సెదోవ్ వెనక్కి తిరగలేదు, నేనెలా తిరగను?

పేరు రాయొద్దన్న ఈ తమ్ముడిది శ్రీకాకుళం జిల్లాలో సముద్రం ఒడ్డు పల్లె. వయసు 22. నాన్న బోటు మీద వేటకు వెళ్తారు, అమ్మ చేపలు ఎండబెట్టి సంతలో అమ్ముతుంది. ఇతను రష్యా ఉత్తరాన అర్ఖాంగెల్స్క్‌లో మెడిసిన్ మూడో ఏడాది చదువుతున్నాడు. చదువుకు బ్యాంకు లోన్ కొంత, బయట నూటికి రెండు రూపాయల వడ్డీకి తెచ్చింది కొంత. బయల్దేరిన రోజు ఊరి బస్టాప్ దగ్గర ‘మన ఊరి మొదటి డాక్టర్’ అని ఫ్లెక్సీ కట్టారు.

మొదటి రెండేళ్లు బాగానే గడిచాయి. ఈ ఏడాది చలికాలం మొదలైనప్పటి నుంచి నిద్ర లేదు, తిండి సయించడం లేదు, బాగా చిక్కిపోయాడు. ఫార్మకాలజీ, పాథాలజీ రెండూ పోయాయి. అక్కడి డాక్టరు రక్తపరీక్షలు చేయించి, డిప్రెషన్ కూడా ఉందని చెప్పి, మందులు రాసి, ఒక ఏడాది ‘అకడమిక్ లీవ్’ తీసుకోమన్నారు. రూమ్మేట్ కూడా అదే మాట అంటున్నాడు. ఇంట్లో మాత్రం ఏమీ తెలియదు. వీడియో కాల్‌లో లైటు ముఖం మీద పడేలా కూర్చుని ‘అంతా బాగుంది’ అని చెబుతున్నాడు.

ఇతనికి ధైర్యం ఇస్తున్నది ఒక్కటే: గియోర్గీ సెదోవ్ కథ. 1912లో అర్ఖాంగెల్స్క్ రేవు నుంచే ఉత్తర ధ్రువానికి బయల్దేరిన నౌకాదళ అధికారి. ఆయనా జాలరి కొడుకే. ‘జబ్బుతో నిలబడలేని స్థితిలో కూడా ఆయన ధ్రువం వైపే నడిచాడు. ఆయన తిరగనప్పుడు నేనెలా తిరగను అన్నా? లీవ్ పెట్టి ఇంటికొస్తే ఊళ్లో నాన్న తల ఎత్తుకోగలడా?’ అని అడుగుతున్నాడు.

సమాధానం:

తమ్ముడూ, సెదోవ్ సంగతి తర్వాత. ఉత్తరం చివర్లో ‘ఒక్కోసారి పొద్దున లేవకపోతే బాగుండు అనిపిస్తోంది’ అని ఒక్క వాక్యం రాసి వదిలేశావు. నీ ఉత్తరంలో అన్నిటికన్నా ముందు నేను పట్టించుకునేది ఆ వాక్యాన్నే. ఈ మాట మందులు రాసిన డాక్టరుకు చెప్పావా? చెప్పకపోతే ఈ రోజే చెప్పు. రూమ్మేట్‌కి కూడా చెప్పు, రాత్రిళ్లు ఒంటరిగా ఉండకు. ఆ ఆలోచన ఎక్కువైతే అక్కడ అంబులెన్సుకి 103, ఏ అత్యవసరానికైనా 112. చదువు గురించి ఏ నిర్ణయం తీసుకున్నా దీని తర్వాతే. నువ్వుంటున్న అర్ఖాంగెల్స్క్‌లో డిసెంబరు చివర్లో పగలు నాలుగు గంటలు కూడా ఉండదు. సముద్రం మీద ఎండ చూస్తూ పెరిగిన పిల్లాడికి ఆ చీకట్లో నిద్రా ఆకలీ చెడ్డాయంటే అది పిరికితనమేమీ కాదు. మందులు మాత్రం నీ అంతట నువ్వు ఆపకు.

ఇక నీ హీరో దగ్గరికి వద్దాం. నాకూ సెదోవ్ అంటే ఇష్టమే. కానీ నువ్వు ఆయన జీవితంలో ఆఖరి 18 రోజులే పట్టుకున్నావు. ఆయన బతికింది 36 ఏళ్లు. మిగతాది కూడా విను, తర్వాత నిర్ణయం నీదే.

1877లో అజోవ్ సముద్రం ఒడ్డున క్రివయా కొసా అనే జాలరి పల్లెలో పుట్టాడు. 14 ఏళ్లు వచ్చేదాకా అక్షరం రాదు. చర్చి బడిలో మూడేళ్ల చదువు రెండేళ్లలో ముగించాడు. 17 ఏళ్లకు రస్తోవ్ వెళ్లి నౌకా విద్య బడిలో చేరాడు, సరుకు ఓడల మీద పనిచేశాడు. 1901లో నావికా దళ విద్యాలయం పాఠాలన్నీ సొంతంగా చదువుకుని, పరీక్షలు బయటి నుంచి రాసి గట్టెక్కాడు. అయినా దొరల బిడ్డలకిచ్చే హోదా ఇవ్వలేదు. ‘అడ్మిరల్టీ పోరుచిక్’ అని, పెద్ద ఇంటి పుట్టుక లేనివాళ్లకు విడిగా ఉండే వరసలో వేశారు. ఒకే యూనిఫాం వేసుకున్న వాళ్ల మధ్య కూడా ఇతను ఏ గుమ్మం నుంచి వచ్చాడో ఆ హోదా చెప్పేస్తుంది. నీ క్లాసులో ఎవరి నాన్న ఏం చేస్తారో చెప్పుకునేటప్పుడు నువ్వు మాట మారుస్తావని రాశావు చూడు, ఆ బాధ ఆయనకు బాగా తెలుసు. ఆ అధికారుల ముందు నిరూపించుకోవాలనే పట్టుదల ఆయన్ని చాలా దూరం తీసుకెళ్లింది. చివరికి చంపింది కూడా అదేనని నా అభిప్రాయం.

ఆయన అసలు పని హైడ్రోగ్రఫీ. సముద్రం లోతులు కొలవడం, ఒడ్డు గీతలు సరిచేయడం, ఇసుక మేటలు ఎక్కడున్నాయో, ఓడ ఎక్కడి నుంచి పోతే నేల తగలదో పటం మీద పెట్టడం. మీ నాన్నకు ఈ పని విలువ ఒక్క నిమిషంలో అర్థమవుతుంది, అడిగి చూడు. తాడుకి సీసపు గుండు కట్టి నీళ్లలోకి వదలడం, తాడు ఎంత దిగిందో చదవడం, పుస్తకంలో రాయడం, పడవ కొంచెం ముందుకు జరపడం, మళ్లీ వదలడం. రోజుల తరబడి ఇదే. 1902, 1903లలో ‘పాఖ్తుసోవ్’ ఓడ మీద ఉత్తర సముద్రాల్లో ఈ పని చేశాడు. జపాన్‌తో యుద్ధంలో ఒక టార్పెడో బోటుకి కమాండర్. 1909లో సైబీరియా మీదుగా కొలిమా నది ముఖద్వారం చేరి, సముద్రపు ఓడలు నదిలోకి రావడానికి దారి ఎక్కడుందో కొలిచి పటం గీశాడు. 1910లో నొవాయా జెమ్ల్యా దీవిలో క్రెస్తొవాయా అఖాతాన్ని సర్వే చేశాడు.

ఇవన్నీ తేదీల కోసం చెప్పట్లేదు. ఈ ప్రయాణాలన్నిటి నుంచీ సెదోవ్ తిరిగొచ్చాడు. ప్రతిసారీ పటంతో వచ్చాడు, ఆ పటాలు పట్టుకుని వేరేవాళ్లు ఓడలు నడిపారు. తిరిగి రావడమే హైడ్రోగ్రాఫర్ పనిలో సగం. లోతు కొలిచినవాడు సముద్రంలోనే ఉండిపోతే ఆ అంకెలు ఎవరికి పనికొస్తాయి?

మరి 1912లో ఏమైంది? నార్వే వాడు అముండ్‌సెన్ అప్పటికే దక్షిణ ధ్రువం చేరాడు, తర్వాత ఉత్తర ధ్రువం వైపు వెళ్తాడని లోకమంతా అనుకుంటోంది. పైగా 1913లో రొమానొవ్ రాజవంశానికి 300 ఏళ్లు నిండుతాయి. ఆలోపు రష్యా జెండా ధ్రువం మీద ఉండాలని సెదోవ్ మార్చిలో అర్జీ పెట్టి, ఆగస్టుకల్లా బయల్దేరతానన్నాడు. ఆయన సొంత శాఖ, హైడ్రోగ్రఫీ శాఖ వాళ్లే ఒక కమిటీ వేసి చూసి, ఈ ప్లానుతో జరగదు పొమ్మన్నారు. వాళ్లలో కొందరికి చిన్నచూపు ఉండి ఉండొచ్చు, కాదనను. కానీ వాళ్లు వేసిన లెక్కలు తప్పు కాదు. ప్రభుత్వం డబ్బివ్వలేదు. అప్పుడు ఒక పెద్ద పత్రిక చందాలు వసూలు చేసిపెట్టింది. రష్యా చక్రవర్తి, అంటే జారు కూడా సొంతంగా 10,000 రూబుళ్లు ఇచ్చాడు. పేరు పేపర్లలో మోగిపోయింది. అక్కడితో సెదోవ్ చేతులు కట్టేసినట్టయింది, ఎందుకంటే ఇక ఆగితే ఊరందరి ముందూ ఆగాలి.

నీకు ఫ్లెక్సీ, ఆయనకు పేపరు.

తొందరలో సరుకులు ఎలా కొన్నారో చూడు. ఓడ ‘స్వ్యతోయ్ ఫోకా’, 1870లో కట్టిన పాత నార్వే వేట ఓడ. ఉప్పు చేప, ఉప్పు మాంసం కుళ్లిపోయి ఉన్నాయి. బళ్లు లాగే కుక్కల్లో సైబీరియా నుంచి తెచ్చినవి మంచివి. అర్ఖాంగెల్స్క్‌లో హడావిడిగా కొన్నవాటిలో చాలా వరకు వీధి కుక్కలే, మంచులో నిలవలేదు. రేడియో ఆపరేటర్ దొరక్క రేడియో వదిలేసి వెళ్లారు. బరువు ఎక్కువైందని ఓడ యజమాని నడపనంటే ఇంకో కెప్టెన్‌ని పెట్టుకున్నారు. 22 మంది బయల్దేరారు.

ఆ ఏడాది మంచు అడ్డం పడి ఫోకా నొవాయా జెమ్ల్యా దగ్గరే ఇరుక్కుంది. ధ్రువం లెక్కలో చూస్తే వృథా అయిన ఏడాది. కానీ నన్నడిగితే ఆ సాహసయాత్ర మొత్తంలో పనికొచ్చిన ఏడాది అదే. కదల్లేని ఓడలో సెదోవ్‌కి తన పాత పని గుర్తొచ్చింది. ఒక్క నావికుణ్ణి వెంటబెట్టుకుని, కుక్కల బండి మీద ఉత్తర కొన దాకా వెళ్లి తిరిగొచ్చాడు, దాదాపు 700 కిలోమీటర్లు. పాత పటాల్లో ఒడ్డు ఎక్కడెక్కడ తప్పుందో సరిచేశాడు. వీజె, పావ్లోవ్ అనే ఇద్దరు కుర్ర శాస్త్రవేత్తలు దీవిని అడ్డంగా దాటారు. పినేగిన్ అనే చిత్రకారుడు బొమ్మలు వేశాడు, సినిమా తీశాడు. జార్ల పండగకు వీటితో ఏం సంబంధం లేదు. సైన్సుకి మాత్రం మిగిలినవి ఇవే.

తర్వాత వేసవిలో కెప్టెన్ జఖారొవ్‌ని, మరో నలుగురిని చిన్న పడవలో పంపాడు, పటాలూ ఉత్తరాలూ చేర్చి, బొగ్గుతో సాయం ఓడని పంపించమని. వాళ్లు చేరేసరికి ఆలస్యమైపోయింది, ఆ ఏడాది ఓడ రాలేదు. సెదోవ్ సాయం అడగలేదని కొందరనుకుంటారు. అడిగాడు. ఆలస్యంగా, ఒకే ఒక్క పడవ మీద ఆశ పెట్టుకుని అడిగాడు. నీ విషయంలో రూమ్మేట్ ఒక్కడికే అన్నీ తెలిసి ఉండటం నాకు ఇందుకే నచ్చలేదు.

1913 సెప్టెంబరులో మంచు విడిచింది. ఇంధనం అడుగంటింది, జనం నీరసపడ్డారు. అప్పుడు దక్షిణానికి తిప్పితే ఎవరూ తప్పు పట్టేవాళ్లు కాదు. ఆయన ఉత్తరానికి, ఫ్రాంజ్ జోసెఫ్ దీవులకు తీసుకెళ్లాడు. హూకర్ దీవిలో తిఖాయా అఖాతంలో రెండో చలికాలం. వాల్రస్ కొవ్వు, ఓడ చెక్కలు కాల్చుకుంటూ గడిపారు. తాజా తిండి లేక వచ్చే స్కర్వీ జబ్బు పట్టుకుంది: చిగుళ్లు వాచి, కాళ్లు బిగుసుకుని, లేవలేకపోవడం. వేటాడి తాజా ఎలుగు మాంసం తిన్నవాళ్లు తట్టుకున్నారు, డబ్బాల తిండి మీద బతికినవాళ్లు పడకేశారు. మందు మంచు మీదే తిరుగుతోంది, అది తిన్నవాళ్లు కళ్లెదుట బాగున్నారు. నీ బల్ల మీద డాక్టరు చీటీ ఉంది కాబట్టి ఈ ముక్క ప్రత్యేకంగా రాస్తున్నాను.

1914 ఫిబ్రవరి 15న సెదోవ్ బయల్దేరాడు. అప్పటికే కాళ్లు వాచి ఉన్నాయి. ధ్రువం ఇంకా 1,000 కిలోమీటర్లకు పైనే. ఉన్నది మూడు బళ్లు, 24 కుక్కలు. వెంట లిన్నిక్, పుస్తోష్నీ అనే ఇద్దరు నావికులు. కొన్నాళ్లకే నడవలేకపోతే ఆయన్ని బండికి కట్టి లాగారు. ఆ నావికులు తర్వాత చెప్పిన దాని ప్రకారం స్పృహ వచ్చినప్పుడల్లా దిక్సూచి తీసి, వీళ్లు బండిని ఎక్కడ దక్షిణానికి తిప్పేస్తారోనని చూసుకునేవాడట. మార్చి 5న రూడాల్ఫ్ దీవి దగ్గర పోయాడు. ఇద్దరూ ఆయన్ని రాళ్ల కింద పెట్టి, మిగిలిన కుక్కలతో వెనక్కి నడిచారు. వాళ్లు బతికి ఓడ చేరడం నాకిప్పటికీ ఆశ్చర్యమే. అటు ఓడలో ఇంజినీరు జాండర్ అప్పటికే స్కర్వీతో చనిపోయాడు.

ఆ దిక్సూచి సంగతి చదివి నీకు ఒళ్లు గగుర్పొడిచిందన్నావు. నాకు లిన్నిక్, పుస్తోష్నీ గుర్తొస్తారు. జారుకు మాటిచ్చింది వాళ్లు కాదు. పేపర్లలో వాళ్ల బొమ్మలు పడలేదు. బండి లాగింది మాత్రం వాళ్లే. నీ విషయంలో బండి లాగుతున్నది మీ అమ్మానాన్న. వాళ్లకు తెలియకుండా వాళ్ల వడ్డీని ఇంకో ఏడాది లాగించాలా అన్నది నిజమైన ప్రశ్న.

‘నాన్న తల ఎత్తుకోగలడా’ అన్నావు. మీ నాన్న ఎన్నిసార్లు గాలి మారిందని సగం దారిలోంచి బోటు తిప్పుకుని ఉత్త వలతో ఇంటికొచ్చి ఉంటారు? డీజిల్ ఖర్చు దండగే. ఆ రోజు ఒడ్డున ఎవరైనా ఆయన్ని పిరికివాడన్నారా? సరంగు అన్నాక ఎప్పుడు తిప్పాలో తెలియాలి, అది తెలియనివాడి బోటు ఎవరూ ఎక్కరు. ఈ మాట నువ్వు నాకన్నా బాగా చెప్పగలవు. ఊరి వాళ్ల నోరు మాత్రం ఆగదు, ఆ సంగతి దాచను. పది రోజులు, నెల రోజులు మాట్లాడతారు. అమ్మకి సంతలో ఎవరో ఒకరు అంటారు. అది పడాల్సిందే.

నీ ముందున్న దారులు చూద్దాం. ఇలాగే నెట్టుకు రావడం ఒకటి. అక్కడి చట్టం ప్రకారం పోయిన సబ్జెక్టుని ఏడాదిలోగా రెండుసార్లే మళ్లీ పెడతారు, రెండోసారి కమిషన్ ముందు. అది కూడా పోతే పేరు కొట్టేస్తారు. నిద్ర లేకుండా, పుస్తకంలో ఒక పేజీ చదివితే మరుసటి పేజీకి గుర్తుండటం లేదని రాసిన మనిషి ఆ ఆఖరి అవకాశాన్ని ఇప్పుడే ఖర్చు పెట్టుకోవడం నాకు సబబుగా తోచడం లేదు. అయినా మందులు పట్టి, రెండు వారాల్లో నిద్ర కుదిరి, డాక్టరు కూడా సరే అంటే ఒక సబ్జెక్టు రాయడం అసాధ్యమేమీ కాదు. అలా చేస్తే ఏడాది కలిసొస్తుంది. డాక్టరు సరే అనాలి, నీ పంతం కాదు.

డాక్టరు చెప్పిన లీవ్ రెండో దారి. అనారోగ్యం మీద గరిష్ఠంగా రెండేళ్ల దాకా ఇవ్వొచ్చు, ఆ కాలానికి ఫీజు తీసుకోకూడదని అక్కడి నిబంధన. మన వైపు నుంచి చూస్తే నేషనల్ మెడికల్ కమిషన్ రూల్ ప్రకారం చేరిన పదేళ్లలోపు కోర్సు పూర్తవ్వాలి. నువ్వు మూడో ఏడాదిలోనే ఉన్నావు కాబట్టి ఒక ఏడాది ఆగినా ఆ గడువుకి బోలెడు టైముంది. నష్టాలు కూడా చెబుతాను. బయటి అప్పు వడ్డీ ఒక ఏడాది పెరుగుతుంది, అది చిన్న మొత్తం కాదు. బ్యాంకు వాళ్లకు ముందే లెటర్ ఇవ్వకపోతే, కోర్సు గడువు మారిందని కాగితం చూపించకపోతే, కట్టడం మొదలుపెట్టమని నోటీసు రావచ్చు. వీసా మళ్లీ చేయించుకోవాలి. నీ బ్యాచ్ వాళ్లు సీనియర్లవుతారు. ఇంట్లో ఉన్న ఏడాది ఊరికే పడుకుంటే మనసు ఇంకా పాడవుతుంది, అందుకే ఇక్కడ కూడా డాక్టరుకు చూపించుకుంటూ పాత నోట్సు ముందేసుకోవాలి.

పూర్తిగా మానేయడం మూడోది. రాశావు కాబట్టి చెబుతున్నాను, అది నేరమేమీ కాదు. కానీ ఈ చలికాలంలో, ఈ మందుల మధ్యలో తీసుకునే నిర్ణయం కాదది. మార్చి దాటి వెలుతురు వచ్చాక, నిద్ర కుదిరాక కూడా డాక్టరీ వద్దనిపిస్తే అప్పుడు రాయి, విడిగా మాట్లాడదాం.

నేను మొగ్గేది లీవ్ వైపే. అయితే ఇంట్లో చెప్పకుండా లీవ్ పెట్టి అక్కడే ఉండిపోయే ఆలోచన ఉంటే మాత్రం మానుకో. అది అన్నిటికన్నా చెడ్డ దారి.

ఇంట్లో చెప్పేది ఎలా అని అడిగావు. అక్కకి ముందు చెప్పు, ఆవిడ నెమ్మదస్తురాలని నువ్వే రాశావు. తర్వాత నాన్న వేటకు వెళ్లని రోజు చూసి కాల్ చెయ్యి. అమ్మ పక్కనుండాలి. లైటు సర్దుకోవద్దు, ముఖం ఎలా ఉంటే అలాగే కనబడనీ. పరీక్షలు, లీవు, వడ్డీ అంటూ మొదలుపెట్టకు. ‘నాన్నా, నాకు ఒంట్లో బాగోలేదు, డాక్టరు ఇలా అన్నారు’ అని మొదలుపెట్టు. వాళ్లు ముందు ఏడుస్తారు, తర్వాత డబ్బు గురించి అడుగుతారు. అప్పు మొత్తం, నెల వడ్డీ, లీవులో ఆగే ఖర్చు, మూడూ కాగితం మీద రాసి దగ్గర పెట్టుకో. ‘చూద్దాంలే’ అంటే వాళ్లకు నిద్ర పట్టదు, అంకె చెబితే తట్టుకుంటారు.

డీన్ ఆఫీసుకి ఒంటరిగా వెళ్లకు, రష్యన్ బాగా వచ్చిన సీనియర్‌ని తీసుకెళ్లు. నాలుగు విషయాలు అడుగు: లీవు ఏ తేదీ నుంచి ఏ తేదీ దాకా, పోయిన రెండు సబ్జెక్టులు తిరిగొచ్చాక ఎలా లెక్కిస్తారు, కట్టిన ఫీజు ఏమవుతుంది, వీసా, హాస్టల్ సంగతేంటి. జవాబులు నోటితో చెబితే ఒప్పుకోకు, స్టాంపు వేసిన కాగితం అడిగి తీసుకో. దానికి ఫోటో తీసి అక్కకి పంపు, బ్యాంకుకి పనికొస్తుంది. డాక్టరు దగ్గరికి మాత్రం డీన్ ఆఫీసుకన్నా ముందే, ఈ రోజే వెళ్లు.